టీకా వద్దన్నవాళ్ళు, మందు మానలేనివాళ్ళు: మన గోదావరి డెల్టా అనుభవాలు చెప్పండి

రాజోలు అమ్మాయి · శనివారం, రాత్రి 8:50

అందరికీ నమస్కారం. నేను ఆరోగ్య మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. పుట్టి పెరిగింది రాజోలు దగ్గరే. నేను చూసేవి రెండు విషయాలు. టీకా అంటే జనం ఎందుకు వెనకాడతారు? తాగుడు మానాలని ఉన్నవాళ్ళు కూడా వైద్యం దాకా ఎందుకు రారు? ఈ రెండింటికీ సంబంధం ఏమిటని మా ఇంట్లోవాళ్ళ దగ్గర్నుంచి మా గైడ్ దాకా అందరూ అడిగారు. నాకు జవాబు దొరికింది గోదారి మధ్య ఒక లంకలో, అరుగు మీద.

2021 వేసవి. 45 దాటినవాళ్ళకి కోవిడ్ టీకాలు వేస్తున్న రోజులు. ఆశా కార్యకర్తతో కలిసి పడవ దాటి వెళ్ళాను. ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని కొబ్బరాకుల నుంచి ఈనెలు తీస్తున్నాడు. టీకా మాట ఎత్తగానే, తల పైకెత్తకుండానే, "సూది వేస్తే 45 రోజులు మందు ముట్టకూడదంటగా. నాకొద్దమ్మా" అన్నాడు. మద్యం వల్ల టీకా పనితనం తగ్గుతుందనడానికి ఆధారాలు లేవని కేంద్ర ఆరోగ్య శాఖే అప్పటికి చెప్పింది. నేను అదే గబగబా చెప్పేశాను. ఆయన ఈనెల కట్ట చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఏమీ చెప్పలేదు. "ఆ 45 రోజుల మాట విన్నప్పుడు మీకేమనిపించింది తాతా?" అని అడిగి ఊరుకున్నాను. చాలాసేపటికి నోరు విప్పాడు. రెండేళ్ళ కిందట మానేద్దామని ఒక్కసారిగా ఆపేశాడట. రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రికి తీసుకెళ్తే, "తాగుబోతులకి కూడా మంచాలు కావాలా" అని ఎవరో అందరి ముందూ అన్నారట. "మళ్ళీ ఆ గుమ్మం తొక్కనమ్మా" అన్నాడు.

మందు ఆపితే ప్రాణం మీదికొస్తుందని ఆయనకి అనుభవం. టీకాకి మందు ఆపాలని ఊళ్ళో అన్నారు. ఆయన లెక్క ఆయనకి సరిగ్గానే ఉంది, అందులో ఒక్క ముక్కే తప్పు. ఆ తప్పు ముక్క దిద్దడానికి ముందు ఆ మంచం కథ ఎవరో ఒకరు వినాలి. నేను మొదటిసారి వినలేదు.

మీ ఊళ్ళలో ఇలాంటివి చూసి ఉంటే రాయండి. మనుషుల పేర్లు, ఆసుపత్రుల పేర్లు వద్దు.

సబ్‌సెంటర్ అక్క · శనివారం, రాత్రి 9:35

చాలా మంచి విషయం ఎత్తావమ్మా. నేను ఏఎన్‌ఎంని. అంటే ఊళ్ళు తిరిగి టీకాలు వేసే నర్సుని. భుజాన టీకాల డబ్బా, అందులో నాలుగు ఐస్‌ప్యాకులు, పడవ, మళ్ళీ నడక. చాలా ఏళ్ళుగా ఇదే నా దారి.

మా రిజిస్టర్లో "నిరాకరించారు" అని ఒక్క మాట రాస్తాం. ఆ ఒక్క మాట కింద ఎన్ని ఉంటాయో చెప్తాను. ఒకావిడ చంటిబిడ్డకి ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావాలెంట్ టీకా ఆరు వారాలప్పుడు వేయించింది, పది వారాలప్పుడు రాలేదు. ఇంటికి వెళ్తే అత్తగారు తలుపు దగ్గరే ఆపేసింది. "మీ సూదికి పిల్లాడు రెండు రోజులు జ్వరంతో ఏడ్చాడు. మా కోడలు నిద్ర లేక నాట్లకి వెళ్ళలేకపోయింది. రెండు రోజుల కూలి ఎవరిస్తారు?" అంది. జ్వరం వస్తుందనీ, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుందనీ, బిడ్డ బరువును బట్టి చుక్కల మందు ఎంత వేయాలో మొదటిసారే వివరంగా చెప్పాల్సింది నేను. ఆ రోజు నలభై మంది ఉన్నారు, తొందరలో చెప్పలేదు. ఆవిడ తిట్టింది తిట్టు కాదు, నా తప్పు నాకు చూపించింది.

ఇంకోటి. బుధవారం, శనివారం టీకాల రోజులు. నాట్లు, కోతలు ఉన్నప్పుడు గానీ రొయ్యల షెడ్డులో సరుకు దిగినప్పుడు గానీ ఏ తల్లి వస్తుంది? వరదొస్తే పడవే ఉండదు. వీళ్ళందర్నీ "టీకా వ్యతిరేకులు" అంటే నా మనసు ఒప్పుకోదు.

మలికిపురం కుర్రోడు · శనివారం, రాత్రి 10:10

అక్కా, ఒక డౌట్. వాట్సాప్‌లో వచ్చేవన్నీ అబద్ధాలని డేటాతో చూపిస్తే సరిపోదా? మా ఫ్యామిలీ గ్రూపులో నేను అదే చేస్తున్నా. కాకపోతే పెదనాన్న గ్రూపులోంచి ఎగ్జిట్ అయిపోయారు.

రాజోలు అమ్మాయి · శనివారం, రాత్రి 10:48

తమ్ముడూ, మీ పెదనాన్నగారు చేసినట్టే చాలామంది చేస్తారు. అమెరికాలో తల్లిదండ్రుల మీద చేసిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకా వల్ల ఆటిజం వస్తుందన్న ప్రచారం తప్పని వాళ్ళకి వివరంగా చూపించారు. ఆ ప్రచారానికి మూలమైన 1998 నాటి పరిశోధన పత్రాన్ని ప్రచురించిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది, కాబట్టి ఆధారాలకి కొదవ లేదు. చూపించాక తప్పుడు నమ్మకం తగ్గింది కూడా. కానీ ముందునుంచీ టీకా అంటే బాగా అయిష్టంగా ఉన్నవాళ్ళలో, "మా బిడ్డకి వేయిస్తాం" అనే ఉద్దేశం ఇంకా తగ్గిపోయింది! వాదనలో ఓడినవాడు మన దారికి రాడు, ఇంకో కారణం వెతుక్కుంటాడు.

సబ్‌సెంటర్ అక్క చెప్పిన కూలి, పడవ సంగతులు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2014లోనే గుర్తించారు. వెనకాడటానికి మూడు మూలాలు చెప్పారు: నమ్మకం లేకపోవడం, ఆ జబ్బు మనదాకా రాదులే అన్న నిశ్చింత, టీకా అందుబాటులో లేకపోవడం. మన దగ్గర మూడోది ఎక్కువగా కనిపిస్తుంటే మనం మొదటిదాని మీదే ఉపన్యాసాలు ఇస్తున్నాం.

పెదనాన్నగారికి ఫోన్ చేసి క్షేమసమాచారం అడుగు ముందు.

భద్రాద్రి దారి · ఆదివారం, ఉదయం 7:20

నాది గోదారి పై భాగం, ఇప్పుడు ఉద్యోగం రావులపాలెంలో. కోపంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

2009లో మా ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి, దాదాపు 14 వేల మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా అని హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ళలో చదువుకునే పిల్లలు. ఎంతోమంది తల్లిదండ్రులకి ఆ విషయమే తెలియదు. వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు, గొడవ అయింది, 2010లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా తప్పుపట్టింది. మా పిన్ని కూతురు అప్పుడు అలాంటి హాస్టల్లోనే ఉంది. దానికేమీ కాలేదు. కానీ మా పిన్ని ఇప్పటికీ ఏ టీకా అన్నా, "ఎవరు సంతకం పెట్టారు?" అని అడుగుతుంది.

వద్దన్నవాళ్ళంతా తెలివి లేక వద్దనడం లేదండి.

రాజోలు అమ్మాయి · ఆదివారం, ఉదయం 8:05

ఈ కోపం న్యాయమైనది. ఆ మరణాలకి టీకా కారణం కాదని విచారణలో తేలింది. పాముకాటు, నీళ్ళలో మునగడం లాంటి కారణాలు బయటపడ్డాయి. హెచ్‌పీవీ టీకా మంచిదని నేను నమ్ముతాను, మా అక్క కూతురికి వేయించాం కూడా. అయినా మీ పిన్నిగారి ప్రశ్నకి "విచారణలో తేలింది" అన్నది జవాబు కాదు. ఆవిడ అడిగేది టీకా గురించి కాదు, తన బిడ్డ విషయం తనని ఎందుకు అడగలేదని. దానికి జవాబు చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు. ఆ బాకీ ఇప్పుడు ఇంటింటికీ తిరిగే ఏఎన్‌ఎం మీద పడుతోంది.

సబ్‌సెంటర్ అక్క · ఆదివారం, ఉదయం 8:22

పడుతోందమ్మా. నిజం.

చెరువు రైతు · ఆదివారం, మధ్యాహ్నం 2:40

ఆయ్, నమస్కారమండి. మాది భీమవరం దగ్గర. రెండో విషయం గురించి ఎవరూ రాయట్లేదని నేను మొదలెడుతున్నా. మానేసి నాలుగో ఏడు నడుస్తోంది.

రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు. రెండింటికి కరెంటు పోతుంది, ఏరేటర్లు ఆగిపోతాయి. జనరేటరు అందుకోకపోతే తెల్లారేసరికి రొయ్యలన్నీ గాలి అందక పైకి తేలిపోతాయి. లక్షలండి. ఆ టెన్షన్‌కి ఒక క్వార్టర్‌తో మొదలైంది. తర్వాత పొద్దున్నే చెయ్యి వణక్కుండా టీ గ్లాసు పట్టుకోవాలంటే కూడా అదే కావాల్సి వచ్చింది.

ఏటా కార్తీకంలో మాల వేసుకునేవాణ్ణి. 41 రోజులు చుక్క ముట్టేవాణ్ణి కాదు. ఒక ఏడాది మాల వేసిన మూడో రాత్రి గోడ నిండా చీమలు పాకుతున్నట్టు కనిపించాయి. అరుస్తున్నా, ఎవర్నీ గుర్తుపట్టట్లేదు. స్వామి పూనాడని పీఠం దగ్గర కొబ్బరికాయలు కొట్టారు. మా బావమరిది ఒక్కడే అనుమానపడి కారెక్కించాడు. లేకపోతే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు.

అంతకుముందు తాగుడు మాన్పించే ఒక ప్రైవేటు సెంటర్లో పెట్టారు. తలుపులకి తాళాలు, ఫోన్ లేదు, ఎదురు చెబితే దెబ్బలు. మూడు నెలలు. బయటకొచ్చిన రోజు రాత్రే తాగాను. మానాలన్న కోరిక లేక కాదు, నన్ను అక్కడ పడేసినవాళ్ళ మీద కసితో.

మాల రాత్రి తర్వాత చూసిన డాక్టరమ్మ మొదట అడిగింది, "తాగితే మీకేం బాగుంటుంది?" అని. ఎవరూ నన్ను ఆ మాట అడగలేదండి, మా అమ్మతో సహా. కరెంటు, రొయ్యలు, అప్పు, అన్నీ చెప్పాను. తర్వాత అడిగింది, "41 రోజులు ఉండగలిగారు కదా, ఆ రోజుల్లో ఏం చేసేవారు?" అని. నేను చేతకానివాణ్ణనే అనుకుంటూ వచ్చాను. ఆవిడ నా చేతనైన పని నాకు గుర్తుచేసింది.

మానసిక వైద్యం పీజీ · ఆదివారం, సాయంత్రం 5:15

చెరువు రైతు గారూ, మీ పోస్టు మా వార్డులో అందరికీ చదివి వినిపించాను.

దీక్షల కాలం వస్తోంది కాబట్టి ఒక్కటి గట్టిగా చెప్పాలి. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు, ముఖ్యంగా పొద్దున లేవగానే వణుకు తగ్గడానికి తాగేవాళ్ళు, డాక్టరు సలహా లేకుండా ఒక్కసారిగా ఆపకూడదు. ఆపిన మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య గందరగోళం, లేనివి కనిపించడం, ఒళ్ళు కాలిపోవడం మొదలైతే అది ప్రాణాపాయం. పూనకం కాదు. దీనికి మందులు ఉన్నాయి, థయమిన్ అనే బి1 విటమిన్ ఇంజక్షన్లు ఉన్నాయి, ఐదారు రోజుల్లో చాలామంది తేరుకుంటారు. మాల వేసుకోండి, చాలా మంచిది. పది రోజుల ముందు మాకు కనిపించి వేసుకోండి.

2019లో వచ్చిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది. మిగతా 37 మంది ఏ అరుగుల మీద ఉన్నారో రాజోలు అమ్మాయి గారు చూసి వస్తున్నారు. వాళ్ళు మా దాకా రాకపోవడంలో మా తప్పు కూడా ఉంది. ఓపీలో రోగి వినేలా "బాటిల్ కేసు" అనడం నేను విన్నాను, ఒకప్పుడు నేనూ అన్నాను.

ముమ్మిడివరం కోడలు · ఆదివారం, రాత్రి 9:55

డాక్టరు గారూ, పబ్లిక్‌గా అడగడానికి భయంగా ఉంది కానీ అడుగుతున్నాను. మా ఆయన కొబ్బరికాయల వలుపు పని చేస్తారు. రోజూ తాగుతారు. ఒకాయన దగ్గర మందు మాన్పించే పొడి అని తెచ్చారు మా అత్తయ్య. ఆయనకి తెలియకుండా కూరలో కలపమన్నారు. నాలుగు రోజుల నుంచి కలుపుతున్నాను. ఇవాళ తాగి వచ్చాక ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు. మందు మీద విరక్తి పుడుతోంది, పనిచేస్తోంది అంటున్నారు అత్తయ్య. నాకు భయమేస్తోంది.

మానసిక వైద్యం పీజీ · ఆదివారం, రాత్రి 10:02

అమ్మా, వెంటనే ఆపేయండి. ఇప్పుడు ఆయనకి ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే ఒక్క నిమిషం ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఆ పొట్లం కూడా తీసుకెళ్ళండి.

పొడిలో ఏముందో ఇక్కడినుంచి చెప్పలేను. మీరు చెప్పే లక్షణాలు చూస్తే, తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ లాంటిది కలిసి ఉండొచ్చని అనుమానం. అది మంచి మందే. కానీ మనిషికి తెలిసి, ఒప్పుకుని, గుండె, లివరు పరీక్షలయ్యాక, తాగితే ఏమవుతుందో చెప్పి ఇవ్వాలి. తెలియక దాని మీద తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. ఆపాక కూడా రెండు వారాల దాకా ఒంట్లో దాని ప్రభావం ఉండొచ్చు. అందుకే ఆయనకి నిజం చెప్పాలి. ఇప్పుడు ఎలా ఉన్నారు?

ముమ్మిడివరం కోడలు · ఆదివారం, రాత్రి 11:30

మా పక్కింటి అబ్బాయి ఆటోలో తీసుకెళ్ళాడు. సెలైన్ పెట్టారు. ఇప్పుడు పడుకున్నారు. పొడి గురించి అక్కడ డాక్టరుకి చెప్పాను. ఆయనకి ఇంకా చెప్పలేదు.

సబ్‌సెంటర్ అక్క · ఆదివారం, రాత్రి 11:41

ధైర్యంగా ఉండమ్మా. నువ్వు బాగుపడాలనే చేశావు. రేపు నువ్వే చెప్పు, ఇంకొకరి నోటితో విననివ్వకు.

గౌతమి గట్టు · సోమవారం, ఉదయం 6:30

రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. అన్నీ చదివాను. అమ్మాయి ఓపిక, ఆవేదన గొప్పవి. కానీ నాది వేరే మాట.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు ఎవర్నీ మెల్లగా అడగలేదు. సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఎత్తేశారు, అది వేరే కథ. ఇప్పుడు ఊళ్ళో కిరాణా కొట్లో బెల్టు షాపు. వంతెన దాటితే యానాం, అది పుదుచ్చేరి కిందది, అక్కడ ధర వేరు. ఇన్ని నోళ్ళు తెరిచి పెట్టి, తాగేవాడి మనసుతో మాట్లాడదాం అంటే సరిపోతుందా?

రాజోలు అమ్మాయి · సోమవారం, ఉదయం 7:45

సరిపోదు మాస్టారూ. నా మాటలతో బెల్టు షాపు మూతపడదు. మీరు చెప్పింది కూడా జరగాలి. కాకపోతే దుకాణం మూసిన రాత్రి, రోజూ తాగే మనిషికి ఫిట్స్ వస్తాయి. ఆ రాత్రి అతని పక్కన ఎవరుంటారన్నది నా పని.

ముమ్మిడివరం అక్కా, మీ వారితో ఎలా మాట్లాడాలో రాస్తాను. ఇది నా సొంతం కాదు, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతి. విలియం మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తాగుడు సమస్య ఉన్నవాళ్ళతో పనిచేస్తూ 1983లో దీని మీద మొదటి వ్యాసం రాశారు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో పుస్తకంగా తెచ్చారు. ఇప్పుడు కెనడాలోని క్యుబెక్‌లో ఇదే పద్ధతితో ప్రసూతి వార్డుల్లో తల్లులతో టీకాల గురించి మాట్లాడుతున్నారు. తాగుడు దగ్గర పుట్టిన పద్ధతి టీకాల దగ్గరికి వెళ్ళింది. నేను రెండూ కలిపి చదవడానికి ఇది రెండో కారణం.

ఎదుటి మనిషి తప్పు చేస్తుంటే దిద్దేయాలని మనకి ఆత్రం పుడుతుంది. మనం "మానెయ్" అన్నకొద్దీ అతను "ఎందుకు మానలేనో" చెబుతాడు, చెప్పినకొద్దీ అదే గట్టిపడుతుంది. కాబట్టి మానాలన్న మాట అతని నోటినుంచే రావాలి. ఆయన తాగకుండా, ఆకలి లేకుండా ఉన్నప్పుడు ముందు పొడి సంగతి చెప్పి క్షమాపణ అడగండి. తర్వాత ఒక్కటే అడగండి: "మానాలని నీకెంత ఉంది, పదికి ఎంత?" ఆయన రెండన్నా మూడన్నా "అంతేనా" అనొద్దు. "సున్నా ఎందుకు అనలేదు?" అనండి. ఆ తర్వాత వచ్చే మాటని మధ్యలో ఆపకుండా వినండి.

చెరువు రైతు · సోమవారం, ఉదయం 8:10

ఇది పనిచేస్తుందమ్మా. నా మీద పనిచేసింది. ఒక్కసారికి కాదు, నాలుగోసారికి.

ముమ్మిడివరం కోడలు · గురువారం, రాత్రి 8:30

చెప్పాను. పొడి సంగతి వినగానే కంచం విసిరేశారు. రెండు రోజులు మాట్లాడలేదు. ఇవాళ మధ్యాహ్నం ఆయనే వచ్చి పెరట్లో కూర్చున్నారు. పదికి ఎంత అని అడిగాను. చాలాసేపు ఊరుకుని "నాలుగు" అన్నారు. సున్నా ఎందుకు కాదు అన్నాను. అరచెయ్యి చూపించారు. వలిచేటప్పుడు చెయ్యి వణికి కాయ జారిందట, గునపం మొన అరచేతిని గీసుకుంటూ పోయింది. కట్టు కూడా కట్టుకోలేదు, లుంగీ గుడ్డ చుట్టుకున్నారు. "ఇంకో అంగుళం అయితే చెయ్యి పోయేది. రోజుకి ఎన్ని కాయలు వలిచేవాణ్ణి, ఇప్పుడు మేస్త్రి నన్ను పిలవడమే మానేశాడు" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన అంతసేపు మాట్లాడటం ఇదే.

సోమవారం వస్తానన్నారు. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి ఎలా వెళ్ళాలి, ఏం తీసుకెళ్ళాలి?

మానసిక వైద్యం పీజీ · గురువారం, రాత్రి 9:05

చాలా సంతోషమమ్మా. ఉదయం ఓపీకి రండి, మానసిక వైద్య విభాగం అని అడగండి. ఆధార్, ఆదివారం రాత్రి ఇచ్చిన చీటీ, ఆ పొడి పొట్లం తెచ్చుకోండి. చివరిసారి ఎప్పుడు, ఎంత తాగారో నిజం చెప్పమనండి, మేమిచ్చే మందుల మోతాదు దాన్నిబట్టే ఉంటుంది. ఈలోపు ఆయనంతట ఆయన ఒక్కసారిగా ఆపేసినా ప్రమాదమే, పొడి ప్రభావం ఉండగా తాగినా ప్రమాదమే. అందుకే వీలైతే సోమవారం దాకా ఆగకుండా రేపే రండి. రాత్రి భయమేస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీ మానస్‌కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

అరచేతి గాయానికి టీటీ ఇంజక్షన్ వేయించారా?

ముమ్మిడివరం కోడలు · గురువారం, రాత్రి 9:12

లేదండి. సూది వద్దన్నారు. ఆసుపత్రి అంటేనే పడదు ఆయనకి.

సబ్‌సెంటర్ అక్క · గురువారం, రాత్రి 9:20

నాకు మెసేజ్ పెట్టమ్మా. పొద్దున్నే నేను మీ ఇంటికొస్తాను. సూది సంగతి ముందు ఎత్తనులే. ఆ గాయం కడిగి కట్టు కడతాను, కట్టు కడుతూ మాట్లాడతాను.

చెరువు రైతు · గురువారం, రాత్రి 9:34

అమ్మా, ఒక్క మాట. బస్సు యానాం మీదుగా వెళ్తుంది. అక్కడ దిగిపోతానంటారు, నేనూ అన్నాను. గొడవ పడొద్దు, "కాకినాడలో టిఫిన్ చేద్దాం" అని కిటికీ వైపు కూర్చోబెట్టి మీరు ఇవతల కూర్చోండి. నా నంబరు మెసేజ్‌లో పంపుతున్నా. బస్సెక్కాక ఆయనతో నేను మాట్లాడతాను.

ముమ్మిడివరం కోడలు · గురువారం, రాత్రి 9:50

సరేనండి. రేపు అడుగుతాను. వస్తానంటే మొదటి బస్సు.